మా చిన్నాయన ఫట్‌ఫటి ఇంటికి వచ్చిన రోజు

ఒకప్పుడు మా గడీ, అంటే కోటలాంటి మా దొరల ఇల్లు, దాని ముందు నుంచి ఎవరూ బండెక్కి పోయేవారు కాదు. సైకిలు మీద వచ్చినవాడు మలుపులోనే దిగి, చెప్పులు విడిచి చేతపట్టుకొని, సైకిలు నడిపించుకుంటూ మా గోడ దాటిన తర్వాతనే మళ్ళీ ఎక్కేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. పోలీసు చర్య తర్వాత మా భూములు పోయాయి. దర్వాజ రెండు తలుపుల్లో ఒకటి విరిగి పడింది. పశువుల కొట్టాల్లో గబ్బిలాలు చేరాయి. పడుచువాళ్ళు దిగడం మానేసినా ముసలివాళ్ళు మాత్రం నా చిన్నప్పుడు కూడా దిగుతూనే ఉన్నారు. అది మాకు చెందిన మర్యాద అనే నేను అనుకునేదాన్ని.

మా తరంలో ఆ ఇంటికి నేనొక్కదాన్నే వారసురాలిని. మా బాపు నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన తల్లిని మేము బాపమ్మ అనేవాళ్ళం. ఆమె నన్ను పీట మీద కూర్చోబెట్టి వీపు మీద అరచేయి ఆనించి, "గోడ కూలితె కూలనీ, నడుము వంగొద్దు బిడ్డా" అనేది. ఆ నడుము ఇప్పటికీ వంగలేదు. డాక్టర్లు కూడా ఆశ్చర్యపోతుంటారు.

మా బాపు తమ్ముడు, మా చిన్నాయన, పశువుల దవాఖానాలో కంపౌండరు ఉద్యోగంలో చేరాడు. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటి మనిషి ఆయనే. ఎడ్ల నోళ్ళు కడిగే పనికి పోతావా అని బాపమ్మ ఒక నెల మాట్లాడలేదు. ఆయన మాత్రం మందుల సంచి భుజాన వేసుకొని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేవాడు. అన్ని ఊళ్ళలోనూ ఆయనను పిలిచేవారు, మా ఊళ్ళో తప్ప. 'గడీలకు పోయిన పశువు మళ్ళ రాదు' అని మా ఊళ్ళో ఒక మాట ఉండేది. మా తాతయ్య కాలంలో వెట్టికి మా పొలాల్లోకి తోలుకొచ్చిన ఎడ్లు కొన్ని తిరిగి వెళ్ళలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నాకు పదేళ్ళు నిండిన ఏడు వానాకాలంలో మా పక్క వాడలోనే ఒక పాడి బర్రె ఈనలేక చచ్చిపోయింది. రెండు గోడల అవతల చిన్నాయన ఉన్నాడు. చచ్చిన తర్వాత గానీ ఆయనకు తెలియలేదు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. సొంత ఊళ్ళో ఒక్క కొట్టంలోనైనా కాలుపెట్టనిస్తారా అన్నదే ఆయన దిగులు.

ఆ తర్వాతనే ఫట్‌ఫటి కొంటానన్నాడు. మోటారు సైకిలును మా దిక్కు అందరూ ఫట్‌ఫటి అనేవారు. ఊళ్ళు దూరమని కొంటున్నానన్నాడు. బాపమ్మకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. నేను అప్పుడు కరీంనగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి బడికి పోతున్నాను. పదేళ్ళు. దసరా సెలవులకు చిన్నాయన కొత్తగా కొన్న పాత బండి మీద నన్ను ఇంటికి తీసుకురావాలన్నది ఏర్పాటు. అంతకుముందు వినాయక చవితికి ఇంటికి పోయినప్పుడే బాపమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "గా బండి సప్పుడు చేసుకుంట ఊరి నడుమకెల్లి గడీ దర్వాజ దాక రావాలె. ఇల్లు సావలేదని అందరికి ఇనవడాలె. నువ్వు ఎనుక కూసోని సక్కగ తీస్కరా." ఆ మాటను నేను వీలునామాలాగా దాచుకున్నాను.

బండి అమ్మినాయన ఒక పెద్ద వయసు సాహెబు. తహసీలు కచేరీలో పనిచేసి దిగిపోయాడు. యుద్ధం రోజుల్లో వచ్చిన బండి అది. పాచి రంగు మీద నల్ల రంగు, నల్ల రంగు మీద మళ్ళీ పాచి రంగు వేసి ఉంది. సీటు కింద స్ప్రింగులు రెండు కోడిపుంజు మెడల్లా పైకి లేచి ఉన్నాయి. సాహెబు దాన్ని కూతురిని అత్తగారింటికి పంపుతున్నట్టు తుడిచి పెట్టాడు. "జర ఇజ్జత్ ఇవ్వు బేటా, మాట ఇంటది. కోపంతోటి తన్నినవనుకో, వాపస్ తంతది" అని తన కాలి మడమ మీద మచ్చ చూపించాడు. పరదా వెనుక నుంచి ఆయన బేగం ఒక పచ్చ గుడ్డ పేలిక పంపింది. అందులో ఒక రూపాయి బిళ్ళ కట్టి ఉంది. ఇమామ్ జామిన్ అట. ప్రయాణం పోయేవాళ్ళ దండచేతికి కడతారు. క్షేమంగా చేరిన తర్వాత ఆ బిళ్ళను దానం ఇవ్వాలి. చిన్నాయన చేయి చాపితే, పరదా వెనుక నుంచి గొంతు వినిపించింది: "నీకు కాదు బాబూ, బండికి. ఇరవై ఏళ్ళు మా ఇంట్ల పెరిగింది." సాహెబు ఆ పేలికను హ్యాండిలుకు కట్టి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అక్కడి నుంచి సాహెబుతో కలిసి మోటారు బండ్ల కచేరీకి పోయాం. బండి కాగితాల్లో పేరు మారాలి కదా. కచేరీ ముందు లారీ డ్రైవర్లు, బస్సుల వాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. మా చిన్నాయన పోయి ఆ బారు చివర నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మనం ఫలానా అని లోపలికి కబురు పంపవచ్చు కదా అన్నాను. ఆయన నా మాట విననట్టే, ముందున్న లారీ డ్రైవరుతో వానల గురించి మాట్లాడుతున్నాడు. ఎండ నెత్తికెక్కేసరికి మా వంతు వచ్చింది. గుమాస్తా పాత పుస్తకం ఉర్దూలో చదివి, కొత్త ఫారం ఇంగ్లీషులో రాస్తూ, మధ్యలో మాతో తెలుగులో మాట్లాడాడు. ఊరి పేరు, ఇంటి పేరు వినగానే కలం ఆపాడు.

"గడీ వాళ్ళా? మరి పేషా, అంటె చేసే పని, ఏం రాయాలె? దేశ్‌ముఖ్ అని రాయాల్నా?"

నేను మెడ నిక్కించాను. చిన్నాయన మాత్రం, "గది మా నాయిన పేషా. బండి నాది. పశువుల కంపౌండర్ అని రాయుండ్రి" అన్నాడు.

గుమాస్తా ఒకసారి ఆయన ముఖంలోకి చూసి అట్లాగే రాశాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, సాహెబు కొనిచ్చిన సోడా కూడా తాగలేదు. సగం మాత్రమే తాగాను.

తర్వాత ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. దీపం చూశాడు, బ్రేకులు చూశాడు, ఇంజను మీద అంకెలు సాహెబు తన రుమాలుతో రుద్దగా రుద్దగా కనిపిస్తే పుస్తకంతో పోల్చుకున్నాడు. "హారన్ కొట్టు" అన్నాడు చివరికి. అది రబ్బరు బుడ్డి నొక్కే పాత హారను. బుడ్డికి ఎక్కడో చిల్లి పడింది. చిన్నాయన నొక్కితే 'మే...' అని గొర్రెపిల్ల అరిచినట్టు అరిచింది. చాయ్ బండి దగ్గర కట్టేసిన మేక ఒకటి వెంటనే జవాబిచ్చింది. లారీ డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"సాబ్, గొంతు జర ఖరాబైంది గని, దిల్ మంచిది" అని సాహెబు గంభీరంగా అన్నాడు.

"నడువుండ్రి, నడువుండ్రి. మేకలు అడ్డం వస్తే అవే తప్పుకుంటయి" అంటూ ఇన్‌స్పెక్టరు సంతకం చేసి ముద్ర కొట్టించాడు.

ఊరి చివర పెట్రోలు నింపించాం. టాంకీ మూత దాకా నిండడం నేను దగ్గరుండి చూశాను. సాహెబు అక్కడి దాకా మా వెంట సైకిలు మీద వచ్చాడు. బండి కదిలిన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, తన సైకిలు పట్టుకొని రోడ్డు నడుమ ఇంకా నిలబడే ఉన్నాడు.

జగిత్యాల రోడ్డు మీద ఆ ప్రయాణం నేను ఎన్నటికీ మరువను. గాలికి నా జడ రిబ్బన్లు రెండూ ఎగిరిపోయాయి. చిన్నాయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని పెద్దగా నవ్వుతూ ఏదో చెప్పేవాడు, ఒక్క ముక్క వినిపించేది కాదు. నేను కూడా పెద్దగా జవాబు చెప్పేదాన్ని, ఆయనకూ వినిపించేది కాదు. సీతాఫలాల గంపలు ఎత్తుకొని పోతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి గంపలు దించి నిలబడ్డారు. నా వీపు ఎంత నిటారుగా ఉందో వాళ్ళంతా చూశారనే అనుకున్నాను.

ఒక్కటే నాకు నచ్చలేదు. ఎడ్లబండి ఎదురైనప్పుడల్లా చిన్నాయన ఫట్‌ఫటిని పక్కకు తీసి, ఇంజను ఆపి, ఎడ్లు దాటిపోయే దాకా నిలబడేవాడు. ఎడ్లు బెదిరి కాడి విరుచుకుంటాయట. మళ్ళీ తన్ని స్టార్టు చేయడానికి ఆయనకు చెమటలు పట్టేవి. నాలుగోసారికి నేను ఊరుకోలేకపోయాను. మా తాతయ్య కచ్చరం, అదే గూడు ఎడ్లబండి, వస్తుంటే ఎదురొచ్చిన వాళ్ళే పొలంలోకి దిగేవారట కదా అన్నాను.

"మీ తాతయ్య ఎవరో ఎడ్లకు ఎరుక లేదు బిడ్డా" అన్నాడు ఆయన, బండిని తన్నుతూ.

గంగాధర దాటి ఎడమకు తిరిగాక బండ్లబాట. వాగులో మోకాలి లోతు నీళ్ళున్నాయి. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, బూట్లు హ్యాండిలుకు వేలాడదీసి, ఆయనే అవతలి ఒడ్డుకు తోశాడు. అక్కడి నుంచి మా ఊరు కనుచూపు మేర. పొద్దు ఇంకా బారెడు ఉంది. జనం చేలల్లోంచి ఇంటికి మళ్ళే వేళ. బాపమ్మ కోరుకున్న వేళ అదే. నేను జుట్టు సర్దుకొని, గౌను ముడతలు లాగుకొని సిద్ధమయ్యాను.

ఊరి మొదటి ఇండ్లు రాగానే చిన్నాయన చేయి టాంకీ కిందికి పోయింది. కొంచెం దూరం పోయాక బండి దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది.

"పెట్రోలు అయిపోయింది" అన్నాడు దిగుతూ.

నిండా పోయించాం కదా అన్నాను. పాత బండి, ఎక్కువ తాగిందేమో అన్నాడు. మళ్ళీ తన్నిచూడమన్నాను. ఇజ్జత్ ఇవ్వమని సాహెబు చెప్పలేదా అన్నాడు. అట్లా చెప్పి, వట్టి కాళ్ళతో, మోకాళ్ళ దాకా వాగు బురదతో, మా ఊరి నడివీధిలో బండి తోయడం మొదలుపెట్టాడు. నేను దిగలేదు. దిగి నడిస్తే ఇంకా అవమానం. సీటు మీద కడ్డీలాగా కూర్చున్నాను.

ఊరి నడుమ కచీరు ఉంటుంది, పదిమంది కూర్చొని మాట్లాడుకునే అరుగు. అక్కడ రోజూ ఒక ముసలితాత కూర్చునేవాడు. మా తాతయ్య కచ్చరం ముందు 'తప్పుకోండి' అని అరుస్తూ ఉరికే పని ఆయనది. మమ్మల్ని చూడగానే అలవాటుగా లేచి నిలబడ్డాడు. తర్వాత బండిని చూశాడు, బురద కాళ్ళను చూశాడు. నోరు తెరిచాడు.

"ఏంది దొరా, గుర్రం మొరాయించిందా?"

"మేత అయిపోయింది తాతా."

"మేత ఎయ్యకుంట గడీలకు తోలుకవోతే ఎట్ల నడుస్తది? గడీకి తినుడెరుక గని పెట్టుడెరుకనా!"

అటువంటి మాట మా ఇంటి మనిషి ముఖం మీద ఎవరూ ఎన్నడూ అని ఉండరు. తాతకు కూడా నోరుజారిన తర్వాతనే తెలిసినట్టుంది, చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు. చిన్నాయన ఇప్పుడు ఏం చేస్తాడా అని నేను ఆయన ముఖం వైపు చూశాను.

"గందుకే గదా తాతా, మేత కోసం నేను ఊర్లు పట్టుకొని తిరుగుతున్న" అన్నాడు మా చిన్నాయన.

ముందు ఎవరో ముసలమ్మ కిసుక్కుమంది. తర్వాత అందరూ నవ్వారు. తాత నవ్వి నవ్వి దగ్గాడు. "మీ నాయిన బండి ముందట ఇరువై ఏండ్లు ఉరికిన. గడీ మనిషి బండి పక్కన ఉరుకుడు ఇయ్యాల్నే సూస్తున్న" అంటూ వచ్చి సీటు వెనుక చేయి వేశాడు.

"నువ్వు తొయ్యకు తాతా, ఆయాసమొస్తది."

"తోసుడెక్కడిది? ఒరుగుతున్న."

పిల్లలు నాలుగు దిక్కుల నుంచి వచ్చి పట్టుకున్నారు. ఒకడు హారను బుడ్డి నొక్కాడు. 'మే' అన్నది. ఇళ్ళలోంచి మేకపిల్లలు అరిచాయి, వీధి వీధంతా నవ్వింది. నాకు ఏడుపు ఒకటే తక్కువ.

కొంచెం దూరం పోయాక తాత ఆగాడు. అది ఆయన ఇల్లు. చిన్నాయన ముఖం చూడకుండా, దూరంగా ఉన్న వేప కొమ్మలతో చెబుతున్నట్టు అన్నాడు. "దొరా, ఎట్లనో నడుచుకుంటనే వచ్చినవ్ గద. మా ఎద్దు మూడొద్దుల సంది గడ్డి ముడుతలే. చొంగ కారుస్తంది. జర సూస్తవా? గడీకైతె తోలుకరాను."

"తోలుకరావద్దు తాతా. నేనే వస్త" అన్నాడు చిన్నాయన. బండికి స్టాండు వేశాడు.

నా చేతికి కళ్ళద్దాలు ఇచ్చి, చొక్కా చేతులు మడిచి కొట్టంలోకి వంగి పోయాడు. ఆ గుమ్మం అంత తక్కువ ఎత్తు. ఎద్దు మెడ నిమిరాడు, చెవిలో ఏదో చెప్పాడు. నాలుకను పక్కకు పట్టి, మోచేతి దాకా చేయి దాని నోట్లో పెట్టాడు. కాసేపటికి ఏదో పటుక్కున విరిగిన చప్పుడు. చేయి బయటికి తీస్తే వేలెడు పొడుగు జొన్నసొప్ప పుల్ల. అంగిట్లో పండ్ల నడుమ అడ్డంగా ఇరుక్కుపోయిందట. ఎద్దు రెండుసార్లు నాలుక ఆడించింది, తల విదిలించింది, ముందున్న గడ్డిపరక అందుకుంది.

తాత ఆ పుల్లను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేనా? గీ పుల్లకేనా నేను మూడొద్దులు పోచమ్మకు మొక్కింది?" అన్నాడు. అని, ఎద్దు మెడ మీద తల ఆనించాడు.

ఆ తర్వాత మమ్మల్ని గడీ దాకా దిగబెట్టడానికి సగం ఊరు కదిలింది. దారిలోనే ఒకాయన తన బర్రె పొదుగు సంగతి, ఒకామె మేకల దగ్గు సంగతి చిన్నాయన చెవిలో వేశారు. మలుపు రాగానే తాత అలవాటుగా చెప్పులు విడవడానికి వంగాడు. "ముండ్లున్నయి తాతా, ఏసుకో" అన్నాడు చిన్నాయన. తాత ఆయన బురద కాళ్ళ వైపు చూశాడు, తన చెప్పుల వైపు చూశాడు. మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకొని తోయసాగాడు. మా గోడ పక్కన ఆ చెప్పుల టపటప నేను మొదటిసారి విన్నాను. అందరిలో బండి మీద ఉన్నది నేనొక్కదాన్నే.

బాపమ్మ దర్వాజలో నిలబడి ఉంది. జరీ అంచు చీర, చేతిలో హారతి పళ్ళెం. వారసురాలిని వీధి పిల్లలు తోసుకొస్తున్నారు. కొడుకు చొక్కా నిండా ఎద్దు చొంగ. సరిగ్గా ఆమె ముందుకు రాగానే ఎవడో మళ్ళీ హారను నొక్కాడు.

"గిదేనా మన ఇంటి సప్పుడు?" అన్నది బాపమ్మ.

ముఖం ఎర్రగా పెట్టుకోవాలని చాలా ప్రయత్నించింది. పెదవులు మాట వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆమె అట్లా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. హారతి ఇచ్చింది. తర్వాత లోపలికి పోయి కుండెడు మజ్జిగ తెచ్చి, చెంబు తాత చేతికే ఇచ్చింది.

అందరూ పోయాక నేను టాంకీ మూత తిప్పి చూశాను. సగానికి పైగా పెట్రోలు తళతళ మెరుస్తోంది. కింద చిన్న చెవి ఒకటి ఉంది, పెట్రోలు ఆపే బిరడా. అది అడ్డంగా తిప్పి ఉంది. చేదబావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న చిన్నాయన ముందుకు పోయి నిలబడి, అబద్ధమాడావు అన్నాను. ఆయన బురద పూర్తిగా పోయే దాకా కడుక్కున్నాడు. తర్వాత చెప్పాడు.

"మన ముందట ఎంతమంది దిగిండ్రో నీకు ఎరుకేనా బిడ్డా? ఎవ్వలు లెక్క పెట్టలే. నేను ఒక్కసారి దిగిన."

మరుసటి రోజు ఇమామ్ జామిన్ బిళ్ళ విప్పి నా చేతిలో పెట్టి, దానం చేయమన్నాడు. దానితో పుట్నాలు, బెల్లం కొన్నాను. మా ఇంట్లో పిల్లలకు ఏదైనా పంచితే మెట్ల మీద నిలబడి కింద చాపిన కొంగుల్లోకి వేసేవారు. నేను మెట్లు దిగి, బండి తోసిన పిల్లల చేతుల్లో ఒక్కొక్కరికీ పెట్టాను. హారను నొక్కినవాడికి మొదట ఇవ్వకూడదనుకున్నాను గానీ, చివరికి వాడికే రెండు పిడికిళ్ళు ఇచ్చాను.

ఆ ఫట్‌ఫటి ఆ తర్వాత మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళు తిరిగింది. దాని చప్పుడు వినిపిస్తే జనం పశువులను దాచిపెట్టలేదు, బయటికి తోలుకొచ్చి నిలబడ్డారు. చిన్నాయన పోయినప్పుడు తాత మనవలు పాడె మోశారు. గడీ ఇప్పుడు లేదు. రాళ్ళు కూడా ఎవరెవరి ఇళ్ళ పునాదుల్లోకో పోయాయి.

ఇప్పటికీ ఏడాదికి ఒకసారి మా మనవడి కారులో ఆ ఊరు పోతాను. ఊరి మొదటి ఇండ్లు రాగానే ఆపమంటాను. ఎందుకమ్మమ్మా అంటాడు. పెట్రోలు అయిపోయిందంటాను. వాడు ముల్లు చూపించి, నిండుగానే ఉంది కదా అని నవ్వుతాడు. నేను తలుపు తీసుకొని దిగి, చెప్పులు చేత్తో పట్టుకొని, కచీరు ముందు నుంచి నిటారుగా నడుచుకుంటూ పోతాను.